కరెంటుకు తోడు

వీధికో కరెంటు తొట్టి వచ్చిన కాలమది. వంటింటి చెత్త అందులో పులిస్తే గ్యాసు, గ్యాసుతో కరెంటు. పాలిటెక్నిక్‌లో పవర్ అండ్ ప్రాసెస్ చదివే కుసుమకు ప్రాక్టికల్స్ కింద ఒక వీధి తొట్టి అప్పగించారు. ఆవకాయ జాడీలు కడిగిన ఉప్పునీళ్లు ఆడవాళ్లు తెచ్చి పోస్తుంటే, మొహమాటపడి వద్దనలేకపోయింది. ఇంకేముంది, పులియబెట్టే పురుగంతా చచ్చింది. పొద్దుగూకేసరికి వీధంతా చీకటి.

పక్కవీధి తొట్టి చూసుకునే వరహాలమ్మ దగ్గరికి బకెట్టుతో పరుగెత్తింది.

"మామ్మగారూ, తొట్టి కడిగి కొత్త చెత్త పోశాను. కాస్త తోడు ఇవ్వరూ?"

పుస్తకంలో దానికి నోరు తిరగని పేరుంది. వీధుల్లో మాత్రం పెరుగుకైనా కరెంటుకైనా తోడే.

"దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదే పిల్లా," అంది వరహాలమ్మ.

కుసుమ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉక్కకు కుసుమ వీధిలో ఏదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ముసలామె మెడ సాచి ఆ చీకటివైపు చూసింది. బకెట్టు లాక్కుని, తన తొట్టిలో ముంచి నిండుగా తెచ్చింది.

కంపుకొట్టే ఆ బకెట్టును కుసుమ పాలబిందెలా పొదివి పట్టుకుంది.

"మరి... దీపాలు పెట్టేశారుగా మామ్మగారూ?"

"మా వీధిలో పెట్టాం. మీ వీధిలో ఇంకా పెట్టలేదుగా? వెళ్లి పెట్టు."