ఖాళీ క్వార్టర్ల సుందరి

"పోశవ్వా, నీ మొగడు ఖాళీ క్వార్టర్లల్ల ఎవతినో దాస్తున్నడట!" నల్లా కింద బిందె పెడుతూ అంది పక్కింటి సారక్క.

పోశవ్వ తన బిందె అక్కడే వదిలేసింది.

ఓపెన్‌కాస్టు బొగ్గు గని కోసం ఖాళీ చేయించిన పాత క్వార్టర్లకు ఆమె మొగుడు సదయ్య వాచ్‌మన్. తలుపులు, కిటికీలు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. మిగిలినవి గోడలే. ఆ గోడల మీద పెయింటర్ మార్కు బొమ్మలు వేస్తున్నాడు. గోదావరిఖనిలో దుకాణాలకు బోర్డులు రాసే మార్కుకు రామప్ప గుడి శిల్పాలంటే పిచ్చి.

సంగతేందో చూద్దామని పోశవ్వ అటే నడిచింది.

సమ్మె రోజులు. బొగ్గు బాయిలన్నీ బంద్. కార్మికులు సగం మంది అక్కడే ఉన్నారు. గోడ మీద నిలువెత్తు నాట్యగత్తె. వంపు తిరిగిన నడుము, ఓరగా వాల్చిన మెడ.

"అబ్బబ్బ, నడుమంటే గదీ!" అన్నాడొకాయన. "ఎవలే మార్కన్నా, ఈ పిల్ల?"

"మనిషి ఎదురుంగ నిలవడితెనే గియ్యొస్తది. పేరు మాత్రం చెప్ప," అని నవ్వాడు మార్కు.

పక్కనే ఉన్న సదయ్య ముఖం మతాబులా వెలిగిపోతోంది. అది పోశవ్వ కంట పడనే పడింది.

సదయ్య ఇంటికి రాగానే నిలదీసింది. "ఎవతది?"

"అడుగకే. బయటపడితే ఇజ్జత్ పోతది."

"ఎవల ఇజ్జత్?"

సదయ్య బోర్లా పడుకుని, "నడుం పట్టేసింది, జర నూనె రాయవే," అన్నాడు.

"దాన్నే రాయుమను!" అని నూనె సీసా విసిరికొట్టింది పోశవ్వ. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు చీపురు పట్టుకుని బయలుదేరింది. తమాషా చూద్దామని సారక్క వెంటపడింది.

చివరి క్వార్టరు గుమ్మానికి దుప్పటి అడ్డం కట్టి ఉంది. లోపల మార్కు గొంతు.

"ఇంక జర ఒంగు... గట్లనే. సిగ్గువడకు, నవ్వు. వాచ్‌మనే మనోడాయె, ఎవలొస్తరు ఇటు?"

పోశవ్వ చీపురు పైకెత్తింది. మొగుడు దానికి కావలి కూడానా!

"నా సంసారంల మన్ను పోస్తవానే!" దుప్పటి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఎత్తిన చీపురు ఎత్తినట్టే ఆగిపోయింది.

లోపల బనీను, లుంగీతో, ఒంటికాలి మీద ఊగుతూ, కొనచూపులు విసురుతూ వయ్యారంగా నిలబడ్డది మీసాల సదయ్యే.