మబ్బు పట్టిన రోజు నీళ్ళు

"అమ్మా, ఆ సీసా పాపకివ్వకు!"

కబసింగుజి చెయ్యి ఆగిపోయింది. రేకుల కప్పు మీంచి అప్పుడే దించిన నీళ్ళ సీసా అది. నాలుగేళ్ళ మనవరాలు నోరు తెరుచుకుని నిలబడింది.

అరిచిందెవరా అని చూస్తే, కసేసె పట్నం వెళ్ళే వ్యాను దిగిన ముసలాయన. చేతిలో గొడుగు, మోకాళ్ళ దాకా బురద.

ఎంత కోపమొచ్చినా పలకరింపు పలకరింపే, అదీ ముద్దుపేరుతోనే మొదలవ్వాలి.

"ముందు మీ ముద్దుపేరు చెప్పండి."

"అరాలీ. నీదమ్మా?"

"అడ్యేరీ."

ఆ ఊళ్ళల్లో అంతకు మించి ఎవరూ ఎవరి పేరూ అడగరు.

"ఇప్పుడు చెప్పండి అరాలీ. నా మనవరాలికి నీళ్ళివ్వొద్దనడానికి మీరెవరు?"

"పొద్దుట్నుంచీ మబ్బేగా. ఆ నీళ్ళకి ఎండే తగల్లేదు. రేపు సాయంత్రం దాకా ఉంచు, అందులో పురుగు చస్తుంది."

"నీళ్ళు శుద్ధి కావడానికి ఎండలో ఆరు గంటలు చాలని రేడియోలో ప్రొఫెసర్ రుసోకె గారే చెప్పారు!"

"మబ్బు సంగతి చెప్పడం మరిచిపోయాడు."

కబసింగుజికి ఒళ్ళు మండిపోయింది. ప్రతి శనివారం అరటిగెలల బేరం ఆపుకుని మరీ వింటుంది ఆ గొంతు. పోయిన నెల జిగట విరేచనాలతో పాప చేతుల్లోంచి జారిపోబోయింది. ప్రార్థన చేస్తే చాలన్నారు చుట్టుపక్కలవాళ్ళు. 'ప్రార్థనా చెయ్యండి, ఆసుపత్రికీ తీసుకెళ్ళండి, రెండూ దేవుడిచ్చినవే' అన్నది ఆ గొంతొక్కటే.

"మరిచిపోయాడేంటి, మర్యాద లేకుండా? ఆయన పాస్టరు, సైన్సు చదివినాయన, యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పినాయన!"

"అన్నీ చదివాడు గానీ, తలెత్తి ఆకాశం వంక చూళ్ళేదమ్మా."

"నోటికొచ్చినట్టు మాట్లాడకండి! ఆయన కాలిగోటికి సరిపోరు మీరు!"

ముసలాయనకి కోపం రాలేదు సరికదా, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఎన్ని తిట్టినా పడతాను. సీసా మాత్రం పైన పెట్టు తల్లీ. మబ్బుంటే రెండు రోజులు. పాప కోసం."

పాప పేరెత్తేసరికి ఆవిడ మెత్తబడింది. గొణుక్కుంటూనే సీసాని మళ్ళీ కప్పు మీద పడుకోబెట్టింది. పక్కింట్లో కాచిన పాలు అడిగి తెచ్చి పాపకి పట్టింది. ఆయన్ని మాత్రం కూర్చోమని కూడా అనలేదు. ఆయన అప్పుడే మొదలైన జల్లులోనే తర్వాతి ఇంటికి నడిచాడు.

శనివారం రేడియోలో అదే గొంతు. బొంగురుపోయి ఉంది.

"ఇన్నాళ్ళూ మీరంతా నన్నే ప్రొఫెసర్ రుసోకె అనుకున్నారు. నేను చదివేవాణ్ణే, రాసింది ఆయన. తన పొరపాటు దిద్దుకోవడానికి ఈ శనివారం దాకా ఆగలేనని, వానలో కొండ కింది ఊళ్ళన్నీ తిరిగొచ్చారు. జ్వరంతో గురువారం కన్నుమూశారు. ఆయన చివరి కాగితం ఇది."

కబసింగుజి చేతిలోని గెల కింద పెట్టేసింది.

"'మబ్బు పట్టిన రోజు సీసాలు రెండు రోజులుంచండి. ముందే చెప్పనందుకు క్షమించండి. అయితే అడ్యేరీ అనే ఓ తల్లి నా తరఫున నన్నే చెడామడా తిట్టింది, యాభై ఏళ్ళ పంతులు బతుకులో అంత సన్మానం నాకెప్పుడూ జరగలేదు.'"