డిక్కీలో యాభై తొమ్మిది

దైవాశీర్వాదం చేతిలో ఉన్న సరుకు అరవై రికార్డులు. మిగిలిన గడువు ఒక్క ఆదివారం.

"సాయంత్రానికి ఇవి నా సోఫా మీద నుంచి లేవకపోతే, రేపు పొద్దున గార్బేజ్ ట్రక్ ఎక్కుతాయి," అంది భార్య వసంతకుమారి. హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి, కూర్చోవడానికి చోటు లేక నిలబడే కాఫీ తాగుతోంది.

"బడ్డీ టారంట్ అంటే ఎవరనుకున్నావు? ముప్పై ఏళ్ళ కిందట రాక్ అండ్ రోల్ పాడి ఈ అమెరికాని గంతులేయించిన మనిషి. ఇది ఆయన కొత్త రికార్డు."

"ఆ గంతులేసినవాళ్ళందరికీ ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. మా వార్డులోనే ఉన్నారు."

వాపసు తీసుకునేది లేదని రికార్డు కంపెనీ పెట్టిన షరతు మీద సగం ధరకి కొన్న సరుకు అది. అమ్మడమొక్కటే దారి. ఆ దారి కూడా దైవాశీర్వాదం చూసే పెట్టుకున్నాడు. ఆ రోజు అరోరా తెలుగు చర్చిలో కోతల పండుగ. ఆరాధన కాగానే, అందరూ కానుకగా తెచ్చినవి వేలం వేస్తారు. గుమ్మడికాయైనా సరే, పదిమంది ముందు పోటీపడి పాడుకుంటే దానికో విలువ వస్తుంది. ఒక రికార్డు కానుకగా ఇచ్చి, వేలంపాట పెంచగలిగితే మిగతా యాభై తొమ్మిదీ కారు డిక్కీలోంచే పోతాయి. పెంచడానికి బావమరిది కృపావరాన్ని మాట్లాడుకున్నాడు.

"ఎవరు పాడినా నువ్వు పైకి పాడు. ఇరవై దాకా. డబ్బు నాది."

"మరి రికార్డు, బావా?"

"నువ్వే ఉంచుకో."

"డబ్బు సరే. రికార్డు మాత్రం నాకొద్దు."

వేలంలో దాని వంతు రాగానే సంఘపెద్ద జోసఫ్ రికార్డు పైకెత్తి చూపించాడు. అట్ట మీద తెల్ల సూటు, రంగేసిన జుట్టు, అరచేతిలో పావురం.

"అట్ట గట్టిగా ఉందన్నయ్యా, వేడి గిన్నె కింద పెట్టుకోవచ్చు. రెండు డాలర్లు," అంది ముందు వరసలోని లూసీ. హాలంతా నవ్వింది.

"అయిదు," అన్నాడు కృపావరం. లూసీ చెయ్యి దించేసింది.

"అయిదు ఒకటోసారి... రెండోసారి..."

"టెన్," అని వెనక నుంచి వినబడింది.

అందరూ తిరిగి చూశారు. కర్టిస్. వీళ్ళకి ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకిచ్చే ఆ అమెరికన్ చర్చికి తలుపులు తీసి, తాళాలు వేసే పెద్దాయన. అంతవరకూ ఆయన ఈ హాల్లోకి వచ్చింది గారెల కోసమే.

కృపావరం బావ వైపు చూశాడు. బావ తల ఊపాడు. "పన్నెండు!"

"ఇరవై."

"ఇరవై రెండు!" అన్నాడు కృపావరం, హద్దు మరిచిపోయి. దైవాశీర్వాదానికి దగ్గొచ్చింది.

"ముప్పై అయిదు," అన్నాడు కర్టిస్. కృపావరం బతికానురా అన్నట్టు కూలబడ్డాడు.

దాంతో హాల్లో గాలి మారింది. "తెల్లాయన ముప్పై అయిదు పెట్టాడంటే ఊరికే పెట్టడు," అన్నారొకరు. "ఇంకా ఉన్నాయి, నా కార్లో," అన్నాడు దైవాశీర్వాదం. పది నిమిషాల్లో బయట అతని స్టేషన్ వ్యాగన్ చుట్టూ ఎనిమిది మంది చేరారు. అందరికంటే ముందు లూసీ, పర్సు తెరిచి.

"ఒక్కోటి ఏడే డాలర్లు. మనవాళ్ళు కాబట్టి," అంటున్నాడు దైవాశీర్వాదం. అప్పుడే కర్టిస్ బయటికి వచ్చాడు. అట్టలోంచి రికార్డు తీశాడు, మోకాలికి ఆనించాడు, రెండు ముక్కలు చేశాడు. ఆ రెంటినీ మళ్ళీ విరిచి గుమ్మం పక్క చెత్తబుట్టలో వేశాడు.

లూసీ పర్సు టప్పున మూసుకుంది.

"ఏమైంది సార్? గీతలున్నాయా?" అన్నాడు దైవాశీర్వాదం.

"లేవు, కొత్తదే." కర్టిస్ చేతులు దులుపుకున్నాడు. "బడ్డీ పాత రికార్డులన్నీ నా దగ్గరున్నాయి. మా పెళ్ళిలో నేనూ మా ఆవిడా ఆయన పాటకే డాన్స్ చేశాం. ఇందులో గిటార్ లేదు. బటన్ నొక్కితే మోగే డ్రమ్స్, వాటి వెనకాల పరిగెత్తలేని గొంతు. విన్నవాడు నవ్వుతాడు. బడ్డీని చూసి ఎవరూ నవ్వకూడదు. అందుకే ఎక్కడ కనబడినా కొని విరిచేస్తున్నాను. నాతో పోటీపడ్డ ఆ కుర్రాడి పట్టు చూస్తే, ఇంటికెళ్ళి నలుగురికీ వినిపిస్తాడేమోనని భయమేసింది."

ఎనిమిది మంది ముగ్గురయ్యారు. ముగ్గురు ఒకరయ్యారు. ఆ ఒక్కరూ లూసీ. కొనడానికి కాదు, చూడటానికి.

"బావా, గార్బేజ్ ట్రక్ ఎన్నింటికొస్తుంది?" అన్నాడు కృపావరం.

దైవాశీర్వాదం డిక్కీ మూయబోయాడు. కర్టిస్ చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల తెల్ల సూట్లలో వరసగా బడ్డీలు, అందరూ నవ్వుతున్నారు. పెద్దాయన ముఖం పాలిపోయింది.

"ఇన్నా!"

"యాభై తొమ్మిది."

కర్టిస్ జేబులు తడుముకున్నాడు. "ఈ నెల గడ్డి కోసే లాన్ మోవర్ కొందామనుకున్నాను," అని చెక్‌బుక్ తీశాడు. "ఒక్కోటి ఎంతన్నావు?"

"మీకైతే ఆరు..."

"ఏడు," అంది వసంతకుమారి, మొగుడి వెనక నుంచి.

రికార్డులన్నీ పికప్ ట్రక్కులోకి ఎక్కాయి. కర్టిస్ దైవాశీర్వాదం చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "నువ్వు బడ్డీకి ఎంత మేలు చేశావో నీకు తెలీదు," అని వెళ్ళిపోయాడు.

దైవాశీర్వాదం ఖాళీ డిక్కీకి తాళం వేశాడు. "చూశావా? అరవైకి అరవై పోయాయి. లాభం ఎంతో ఇంటికెళ్ళాక నువ్వే లెక్క చూసుకో."

ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా వసంతకుమారి దాని వైపే చూస్తూ నిలబడింది.

"లాభం ఆ చెక్కు కాదండీ, ఆ పెద్దాయన. రేపు పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి ఇంకో వంద పంపమనండి."