ఖాళీ సీసాల లెక్క

తోడల్లుడి ఫ్యాక్టరీని తాళం పగలగొట్టకుండా కాజేయడానికి పెద్దల్లుడికి కావలసింది ఒకే ఒక్క అంకె. వాడి కారు షాంపూ వారానికి ఎన్ని సీసాలు ఖర్చవుతోంది?

పెద్దల్లుడిది ఫినాయిల్ తయారీ. పదహారేళ్ళుగా ఆసుపత్రులు, బడులు, హోటళ్ళు క్యాన్లకు క్యాన్లు పట్టుకెళ్తున్నాయి. లాభం సన్నం, బేరం ఖాయం. నేల ఉన్నంతకాలం మురికి ఉంటుంది, మురికి ఉన్నంతకాలం ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ మామగారి చిన్నకూతుర్ని చేసుకున్నవాడు నాలుగేళ్ళ కిందట కారు షాంపూ మొదలుపెట్టి, మెరిసే సీసాలకు మెరిసే లేబుళ్ళు అంటించాడు. అప్పట్నుంచి మామగారింట్లో భోజనాలకు కూర్చుంటే అందరూ చిన్నల్లుడి వైపే తిరిగి మాట్లాడుతున్నారు. అన్నం ముందు ఫినాయిల్ ఊసు ఎవరికి రుచిస్తుంది?

ముందుగా ఆయన మార్కెట్ గణాంకాలు అమ్మే ఆఫీసుకు వెళ్ళాడు. గోడల నిండా రంగురంగుల బాణాలు. అన్నీ పైకే చూస్తున్నాయి.

"శుభ్రత సరుకులు, కారు సరుకులు, రెండింటి లెక్కలూ కావాలి" అన్నాడు.

"తప్పకుండా సార్. ఏది పెరగాలి?" గణాంకాలాయన కలం మూత తీశాడు.

"పెరగాలి ఏమిటయ్యా? ఏది పెరుగుతోందో చెప్పు."

"దానికి కొట్టు కొట్టుకీ తిరగాలి సార్. అదెవరూ కొనరు."

పెద్దల్లుడు లేచి వచ్చేశాడు. దారిలో ఆయన బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కొట్టువాణ్ణి అడిగితే గొప్పలు చెబుతాడు. తయారుచేసేవాణ్ణి అడిగితే కోతలు కోస్తాడు. ఖాళీ సీసాకు నోరు లేదు కాబట్టి అబద్ధమాడదు. లోపలి సరుకు వాడితేనే కదా అది ఖాళీ అయ్యేది!

నేరుగా పాత సీసాలు కొనే ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో ఖాళీ సీసాలన్నీ చివరికి చేరేది ఆ పెరట్లోకే. నెలకు రెండు క్యాన్ల ఫినాయిల్ ఉచితమన్న మాట మీద ఒప్పందం కుదిరింది. చిన్నల్లుడి సీసాలు ఎన్ని వచ్చాయో వారం వారం గోడ మీద సుద్దతో గీయాలి. మూడో కంటికి తెలియకూడదు.

మొదటి వారం నాలుగు వందలు. నెల తిరిగేసరికి వెయ్యి. మూడో నెలకు రెండు వేలు దాటి గోడ చాలక సుద్ద గీతలు తలుపు మీదికి పాకాయి.

పెద్దల్లుడికి నిద్ర పట్టలేదు. తోడల్లుడు బంగారు బాతు మీద కూర్చుని, పైకి బీద ముఖం పెడుతున్నాడన్నమాట!

మళ్ళీ గణాంకాల ఆఫీసుకు వెళ్ళాడు. ఈసారి బేరమాడలేదు.

"ఫినాయిల్ పెరగాలి. కారు షాంపూ పడిపోవాలి."

"ఎంత పడమంటారు సార్?"

"లేవకుండా."

రెండు రోజుల్లో అరవై పేజీల నివేదిక అట్టతో సహా చేతికొచ్చింది. అది చంకన పెట్టుకుని బయలుదేరుతుంటే భార్య అడ్డం వచ్చింది.

"మా చెల్లెలి నోటి దగ్గర కూడు లాగేస్తున్నారేమో చూసుకోండి."

"లాగడమేంటే? నా కూడు తీసి వాళ్ళ కంచంలో పెడుతున్నాను. ఎదురు నన్నంటావా?"

చిన్నల్లుడు నివేదిక ఒక్కో పేజీ తిప్పుతూ పోయాడు. తిప్పేకొద్దీ ముఖం వాడిపోయింది.

"నిజమేనంటావా అన్నయ్యా?"

"నేను చెబితే నమ్మవని అచ్చులో తెచ్చాను తమ్ముడూ. పరాయివాడివైతే మునిగిపో అని ఊరుకునేవాణ్ణి. నా ఫినాయిల్ షెడ్డు, ఖాతాదారులు, పేరు అన్నీ నువ్వు తీసుకో. నీ షాంపూ తలనొప్పి నాకివ్వు. మార్చేసుకుందాం. నేను పెద్దవాణ్ణి, ఎలాగో తట్టుకుంటాను."

"పసిబిడ్డలా పెంచుకున్నాను అన్నయ్యా దాన్ని" అంటూ చిన్నల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. వారం రోజులు నాన్చాడు. రెండుసార్లు కుదరదన్నాడు. చివరికి మామగారి సమక్షంలో సంతకం పెట్టాడు. మామగారు పెద్దల్లుడి భుజం తట్టి, "నీ మనసు ఇంత పెద్దదనుకోలేదయ్యా" అన్నాడు. వెనక్కి తీసుకునే వీల్లేదన్న వాక్యం కాగితంలో పెద్దల్లుడే పట్టుబట్టి రాయించాడు.

షాంపూ ఫ్యాక్టరీలో మొదటి వారం ఫోను మోగలేదు. కొత్త యజమాని అలవాటు పడేదాకా కొట్లవాళ్ళు ఆగుతున్నారనుకున్నాడు పెద్దల్లుడు. గోదాములో అట్టపెట్టెలు పైకప్పును తాకుతున్నాయి. గిరాకీ ఉన్నవాడు నిల్వ పెట్టుకోడా మరి, అని సర్దిచెప్పుకున్నాడు.

శనివారం రాగానే పాత సీసాలాయన పెరటికి వెళ్ళాడు. ఇప్పుడా సుద్ద గీతలన్నీ తనవే. చూసుకుని మురుద్దామని గోడ దగ్గరికి నడిచాడు.

గోడ మీద అన్నీ పాత గీతలే. ఈ వారం ఒక్క గీతా లేదు.

"ఏమయ్యా, గీయడం మరిచావా?"

"సీసాలొస్తే కదా సార్ గీసేది!" అన్నాడు పాత సీసాలాయన తల గోక్కుంటూ. "మీరు లెక్క అడిగారని నేను నోరుజారిన దగ్గర్నుంచీ మీ తమ్ముడుగారైతే కొట్ల నుంచి తిరిగొచ్చిన నిండు సీసాలు శనివారం శనివారం బండికెత్తి తెచ్చి, ఈ కాలవలోనే పారబోయించి, 'మా అన్నయ్య వస్తాడు, ఒక్కటీ వదలకుండా లెక్క చెప్పు' అని మరీ చెప్పి వెళ్ళేవారు."