బొడ్డు కొయ్యని పరీక్ష

"కత్తెర కింద పెట్టు!" అంకాలమ్మ రెబెక్కమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా కొడుకు ఒడ్డుకొచ్చిందాకా ఈ ఇంట్లో బొడ్డు కొయ్యడానికి లేదు."

ఆడపిల్ల పుట్టింది. ఊరంతా వినబడేట్టు ఏడ్చి, ఇప్పుడు తల్లి కామాక్షమ్మ రొమ్ము మీద వెచ్చగా పడుకుని ఉంది. మాయ కూడా పడింది. రెబెక్కమ్మ బొడ్డుకు రెండు చోట్ల దారం బిగించి కట్టింది. ఇక ఒక్కసారి కత్తెర ఆడిస్తే చాలు, ఆమె చేతికి లైసెన్సు వస్తుంది.

రంగూన్ ఆసుపత్రిలో ఎంతమందికో పురుడు పోసిన మనిషి రెబెక్కమ్మ. అయితేనేం? కాందిశీకురాలిగా ఓడ దిగాక, బర్మా సర్టిఫికెట్టు ఇక్కడ చెల్లదు పొమ్మన్నారు. లేడీ డాక్టరు ఎదుట ఒక పురుడు మొదటినుంచీ చివరిదాకా పోసి చూపించాలట. చూపిస్తే నర్సు ఉద్యోగం. లేదా, శిబిరంలో ఉన్న పిల్లలిద్దరికీ మళ్లీ ఆ గంజినీళ్లే. ఆ లేడీ డాక్టరే ఇప్పుడు గుడిసెలో ముక్కాలిపీట మీద కూర్చుని మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది.

"ఇంకా ఏం చూస్తున్నావు? కొయ్యి," అంది డాక్టరు. "సముద్రం పోటు వస్తే ఏటి దారి మునుగుతుంది. రేపు నాకు బదిలీ. కొత్త డాక్టరు వచ్చి నీకు ఎప్పుడు పరీక్ష పెడుతుందో ఆ దేవుడికే తెలియాలి."

"అక్కా, మా రంగూన్లో అయితే..." అనబోయింది రెబెక్కమ్మ.

"మీ రంగూన్ సంగతి నాకెందుకమ్మా? నా కొడుకు ఈ మునెయ్య పుట్టినప్పుడు, ఈడ వాడి బొడ్డు కోసినారు, ఆడ వాళ్ల నాయన పడవ మునిగింది. వాడి మొహమన్నా చూడకుండా పోయినాడు మహానుభావుడు. ఇప్పుడు వీడు సముద్రం మీద ఉండాడు. మళ్లా ఆ ఏడుపు నావల్ల కాదు తల్లీ!"

"అదంతా మూఢనమ్మకం," అంది డాక్టరు.

"మీకు మూఢనమ్మకమే. పోయింది నా మొగుడు."

డాక్టరు మళ్లీ గడియారం చూసుకుంది.

రెబెక్కమ్మకు ఒకపక్క కోపం, ఒకపక్క ఏడుపు ముంచుకొచ్చాయి. విదిలిస్తే ఆ ముసలి చెయ్యి ఎంతసేపు నిలుస్తుంది? కానీ విదిలించి కోశాక ఆ పడవకు ఏమన్నా అయితే? కాకపోయినా, ఈ పల్లెలో ఇంకో ఇంటి గడప తొక్కనిస్తారా? కత్తెర పళ్లెంలో పెట్టేసింది.

"కొయ్యను డాక్టరమ్మా."

"అయితే ఫెయిల్ అని రాసుకుంటాను." డాక్టరు లేచింది.

"రాయొద్దు!" రెబెక్కమ్మ ఒక చెయ్యి బిడ్డ మీద నుంచి తియ్యకుండానే గడపకు అడ్డంగా కాలు చాపింది. "బిడ్డకూ తల్లికీ ఏ ఇబ్బందీ లేదు, మీరే చూస్తా ఉండారు గదా. ఆ పడవ ఒడ్డుకు తగిలిన మరుక్షణం కోస్తా. మీరు చూద్దురు. సర్కారు ఒప్పుకుంటే సరిపోదమ్మా నాకు, ఈ అక్క కూడా ఒప్పుకోవాల. రెండూ తీసుకునే ఈడినుంచి కదుల్తా."

"భలే మొండిదానివి దొరికావే!" డాక్టరు విసురుగా మళ్లీ కూర్చుంది.

పక్కింటి పేరమ్మ సముద్రం ఒడ్డున నిలబడి తెరచాప కోసం చూస్తోంది. మధ్యమధ్య పరుగెత్తుకొచ్చి, "యాడా, కనుచూపు మేరలో లేదు వదినా," అని చెప్పి పోతోంది. గాలి జోరెక్కింది. అంకాలమ్మ మొహం పాలిపోయింది.

"కొయ్యనీ అత్తా," అంది కామాక్షమ్మ నీరసంగా. "పాపం, ఆయమ్మ ఉద్యోగం పోతాది."

"నోరు మూసుకోని పడుకో. నీకు మొగుడైతే నాకు కొడుకు కాదా?"

అంకాలమ్మ గంగమ్మతల్లికి దండాలు పెట్టుకుంటోంది. యేసయ్యా, ఆ పడవను తొందరగా చేర్చు నాయనా అని రెబెక్కమ్మ వేడుకుంటోంది. ఇద్దరి చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయని ఇద్దరికీ తెలియలేదు.

పేరమ్మ మళ్లీ వచ్చి తల అడ్డంగా ఊపింది. డాక్టరు దిగ్గున లేచి సంచీ అందుకుంది.

"ఇక నావల్ల కాదు. చీకటి పడితే నేను ఏటిలో కొట్టుకుపోతాను. నీ రాత ఇంతే అనుకో."

"ఒక్క అరగంట డాక్టరమ్మా! మీ కాళ్లు పట్టుకుంటా!"

డాక్టరు ఆ కాలును దాటుకుని వెళ్లిపోయింది. వెనక్కి చూస్తే మనసు మెత్తబడుతుందని వెనక్కి కూడా చూడలేదు.

సరుగుడు తోపు పక్కన ఆపిన డాక్టరు జీపుకు ఆనుకుని, తడిసిన పంచెతో ఒక మనిషి చుట్ట కాలుస్తున్నాడు. డాక్టరును చూడగానే చుట్ట పారేసి ఆత్రంగా ఎదురొచ్చాడు.

"ఆడపిల్లా, మగపిల్లాడా అమ్మా?"

"ఎవరయ్యా నువ్వు?"

"మునెయ్యనమ్మా. ఆ బిడ్డ నాయన్ని."

డాక్టరు చేతిలోని సంచీ ఇసుకలో పడింది. "నువ్వు సముద్రం మీద కదయ్యా ఉన్నావు?"

"గాలి మళ్లితే, అవతల కాలవ సముద్రంలో కలిసే మొగ కాడ పడవను ఒడ్డుకు పట్టించి ఎప్పుడో వచ్చినానమ్మా. బొడ్డు కొయ్యందే మగోడు పురుటింటి కాడికి పోకూడదు గదా, ఎప్పుడెప్పుడు కోస్తారా అని ఈడే కూసోనుండా!"