జాజికి కిరణాలు

“ఏటన్నాడే డాక్టరు?” మంచం మీంచే కేకేశాడు రాజేశ్వరరావు.

వరండాలో ఫోను చెవికి ఆనించుకుని నిల్చున్న పార్వతమ్మ, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికొచ్చింది.

“ఈయేళ కూడా కిరణాలిచ్చారటండీ. ముందు మళ్ళీ ఫొటో తీసి, గడ్డ ఎక్కడుందో చూసుకుని మరీ కొట్టారట. కంటి పక్కనుంచే పోయాయట గానీ, కన్ను భద్రం.”

“మరి తిన్నాదా?”

“రెండు చేపముక్కలు. నర్సుని రక్కింది కూడానట.”

“అద్గదీ! నా జాజే మరి!” అంటూ కుడిచేత్తో గంజి గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

కిరండూల్ ఇనుప గనిలో పాతికేళ్ళు డంపరు తోలిన మనిషి. ఆర్నెల్ల క్రితం పక్షవాతంతో ఎడమపక్క పడిపోయింది. అప్పట్నుంచీ తిండి మీద ఆశ లేదు. ఖనిజం రంగు పిల్లి జాజి పక్కలో చేరితేనే నాలుగు ముద్దలు తినేవాడు. ఆయన తినందే పార్వతమ్మ మెతుకు ముట్టదు. పెళ్ళయిన నాటి అలవాటు.

అలాంటి ఇంట్లో జాజి ముక్కు వాచింది.

పార్వతమ్మ దాన్ని బుట్టలో పెట్టుకుని రైలెక్కి విశాఖ తీసుకెళ్ళింది. అక్కడ సీటీ స్కాను తీశారు. ముక్కులో క్యాన్సరు గడ్డ, వెనక ఎముక ఇంకా చెడలేదు. గురిచూసి కిరణాలిస్తే బతకొచ్చు, మూడు వారాలు ఇక్కడే ఉంచమన్నాడు డాక్టరు. ఆమె పిల్లిని అక్కడ వదిలి, స్కాను ఫిల్ముతో తిరిగొచ్చింది. రాజేశ్వరరావు దాన్ని కిటికీకి అతికించమన్నాడు.

ఇప్పుడే వచ్చిన పక్క క్వార్టరు సోమక్క గుమ్మంలోంచే ఆ ఫిల్ము చూసి ముక్కున వేలేసుకుంది.

“ఏంది అన్నా, పిల్లికి గూడ స్కానా! మా ఆయనకు పన్ను నొస్తే లవంగం పెట్టి పండబెట్టిన.”

“మీ ఆయన రక్కడు కదమ్మా! అందుకే అలుసు.”

సోమక్క నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ పొయ్యి ముందు పార్వతమ్మ కళ్ళు వత్తుకుంటోంది.

“ఏందొదినె? పిల్లికి మంచిగనే ఉన్నదట గద?”

“గట్టిగా అనకు. అది పోయి పన్నెండు రోజులైపోనాది. నాలుగోరోజు మత్తిస్తే మరి లెగనేదట.”

“మరి ఫోనుల ఎవరితో మాట్లాడుతున్నవ్?”

“ఎవురున్నారు? స్కాను రోజున డాక్టరు చెప్పిన మాటలే తిప్పితిప్పి చెప్తన్నాను. నిజం తెలిస్తే ఈయన గంజి కూడా మానేస్తాడు సోమక్కా. మరి దక్కడు.”

“మూడు వారాలైనంక ఏం జేస్తవ్?”

పార్వతమ్మ పొయ్యి ఆర్పింది.

“పార్వతీ!” లోపల్నుంచి పిలుపు. “నా గిన్నె ఖాళీ. కంచం ఇటు తెచ్చుకుని నా ముందు తిను.”

ఆమె వెళ్ళి మంచం పక్కన కూర్చుని తింది. చివరి ముద్ద దాకా ఆయన చూపు తిప్పలేదు.

“రేపు కూడా ఫోను చెయ్యి. ఎంత తిన్నాదో సరిగ్గా అడుగు.”

“అలాగేనండీ.”

ఆమె కంచం తీసుకుని వెళ్ళాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జాజి పోయిందని డాక్టరు ముందు ఫోను చేసింది ఆయనకే.