వంద మీటర్ల లోతు

కేబుల్ పట్టుకుని లాగాను. వంద మీటర్ల లోతు బోరులో కూర్చుని భూకంపాన్ని కొలవాల్సిన సెన్సరు ఎనిమిది మీటర్లకే పైకొచ్చి, బురదతో నా కాళ్ల దగ్గర పడింది.

"మిగతా కేబుల్ ఏది బాబాయ్?"

ఆ బోరు వేసి, సెన్సరు దించింది మా బాబాయే. బోరు మూత పక్కన మట్టి తవ్వాడు. కేబుల్ చుట్టలుచుట్టలుగా బయటపడింది.

"ఎనిమిది మీటర్ల దగ్గర గొట్టం వంగిపోయిందమ్మా. మళ్లీ బోరు వేయాలంటే నెల పట్టేది."

"ఛీ! పైనొకటి, అడుగునొకటి పెట్టేదే నేల మెత్తదో గట్టిదో తెలియడానికి. మెత్తదైతే పైన ఊపు ఎక్కువొస్తుంది. రెండూ పైపైనే ఉంటే నా మొహం తెలుస్తుంది!"

ఎదురుగా బడి గోడ పొద్దుటి భూకంపానికి నిలువునా చీలింది. సెలవు కాబట్టి పిల్లలు బతికారు. నేల గట్టిదని మా ఆఫీసు రాసిస్తేనే దాన్ని నాలుగంతస్తులు లేపారు.

"రెండేళ్లు నీకు అన్నం ఎలా సయించింది?"

బాబాయి నాకేసి వింతగా చూశాడు.

"చిన్న కుదుపు వచ్చినప్పుడల్లా, రెండు సెన్సర్ల గీతలూ అచ్చుగుద్దినట్టున్నాయి చూడు బాబాయ్ అని నువ్వే చూపించేదానివి కదమ్మా! నీకు తెలిసే, నా పరువు పోతుందని ఊరుకున్నావనుకున్నా."

కేబుల్ వదిలేసి బడి గోడ వైపు తిరిగాను.

ఆ రెండు గీతల కిందే 'నేల గట్టిది' అని రాసి సంతకం పెట్టాను. కేబుల్ లాగి చూడటం ఇవాళే మొదటిసారి.